షెడ్డుల హీటర్ పెట్టే ముందు ఇవి చూస్కోర్రి

డిసెంబర్ దగ్గరవడ్డది, నల్లగొండ దిక్కు పొద్దుగాల షట్టర్ లేపి పాన పట్టుకుంటే ఐసుగడ్డ లెక్కనే ఉంటది. ఇంటికాడ షెడ్డుల బండ్లు, మోటార్లు రిపేర్ చేసుకునేటోళ్లు హీటర్ కొనే ముందు:

- షట్టర్ దించి బొగ్గుల కుంపటి, గ్యాస్ హీటర్ అస్సలు వద్దు. కార్బన్ మోనాక్సైడ్ వస్తది, వాసనుండది రంగుండది, తలనొప్పి లేసి నిద్ర వచ్చినట్టయితది, మనమేమో పని అలసట అనుకుంటం, గట్లనే పానం పోతది. జానెడు షట్టర్ లేపినం కదా అంటే నడ్వదు.

- పెట్రోల్, థిన్నర్ ఉన్నకాడ ఎర్రగ కాలే కాయిల్ హీటర్ పెట్టొద్దు. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు, నేలమీదనే పాకుతది, హీటర్ ఉండేది గూడ నేలమీదనే. కార్బురేటర్ కడిగే గిన్నెడు పెట్రోల్ చాలు అంటుకోనీకి. ఆయిల్ నింపిన రేడియేటర్ రకం రేటెక్కువే గానీ కాయిల్ బయటికుండది. కడిగేటప్పుడు దాన్ని గూడ బంద్ పెట్టుర్రి.

- 2000 వాట్లది 230 వోల్టుల మీద దగ్గరదగ్గర 9 ఆంపియర్లు గుంజుతది. 6 ఆంపియర్ల సాకెట్, ఎక్స్‌టెన్షన్ బాక్స్ పనికిరావు, ఎర్తింగున్న 16 ఆంపియర్లదే కావాలె. నా బాక్స్‌ల ప్లగ్గు పిన్నుకాడ ప్లాస్టిక్ గోధుమరంగు తిరిగి మెత్తవడ్డది, అప్పుడొచ్చింది తెలివి.

- ఒరిగితే దానంతటదే బందయ్యే స్విచ్ ఉండాలె, కాలు తగులుడు ఖాయం.

- నూనె గుడ్డలు, కట్టె పొట్టు మూడు ఫీట్ల దూరం.

- రేకుల షెడ్డుల వేడి ఆగదు, మొత్తం కాగాలని పెద్దది కొనకుర్రి, కూసున్నకాడికి తగిలితే చాలు.