మన తర్వాత మన ఖాతాలు: ముందే ఏర్పాటు చేసుకోవడం ఎలా?

పాస్‌వర్డ్‌లన్నీ ఓ నోటుపుస్తకంలో రాసి బీరువాలో పెట్టేస్తే పనైపోయిందనుకుంటారు చాలామంది. అవదు. పాస్‌వర్డ్ కొట్టగానే ఓటీపీ అడుగుతుంది. ఆ ఓటీపీ వచ్చే ఫోన్ లాక్ తీయడం ఇంట్లో ఎవరికీ తెలీదు. ఇక వాడేవాళ్లెవరని సిమ్ అప్పటికే ఆపించేసి ఉంటారు.

కావలసినవి ఓ కాగితం, బాల్‌పెన్ను, కవరు, నమ్మకమైన మనిషి ఒకరు. ఎక్సెల్ షీట్ మాత్రం వద్దు. అది ఉన్న ల్యాప్‌టాప్ పాస్‌వర్డ్ కోసం మళ్లీ కాగితమే వెతుక్కోవాలి.

1. జాబితా రాయండి

అన్నిటికంటే పైన మెయిల్ ఉండాలి, మిగతా ఖాతాల పాస్‌వర్డ్ మార్చే లింకులన్నీ అక్కడికే వస్తాయి కాబట్టి. తర్వాత ఫోటోలు, మెసేజ్‌లు, నెలనెలా డబ్బు కోసుకునే సబ్‌స్క్రిప్షన్లు. ఒక్కోదాని ఎదురుగా ‘ఇవ్వాలి’, ‘ఉంచాలి’, ‘తీసేయాలి’ అని ఒక్క మాట రాస్తే చాలు. బ్యాంకు ఖాతాలకు పేరు మాత్రమే రాయండి, పిన్ వద్దు. పోయినవారి లాగిన్‌తో డబ్బు కదిపితే వారసులకే చిక్కు.

2. కంపెనీలు ఇచ్చిన సెట్టింగులు పెట్టండి

గూగుల్‌లో ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్ ఉంది, మీ ఖాతా వాడకం ఆగిపోయిందని తేలితే మీరు చెప్పినవాళ్లకు కబురు పంపే సెట్టింగ్ ఇది. ఎంతకాలం వాడకపోతే అలా చేయాలో 3, 6, 12, 18 నెలల్లో ఒక గడువు ఎంచుకుని, పదిమంది దాకా పేర్లు ఇవ్వచ్చు. వాళ్లకు పాస్‌వర్డ్ రాదు, మీరు అనుమతించిన డేటాను డౌన్‌లోడ్ చేసుకునే వీలు మాత్రమే వస్తుంది, అదీ 3 నెలలే. గూగుల్ చూసే సంకేతాల్లో ఆండ్రాయిడ్ ఫోన్ చెక్‌ఇన్‌లూ (ఫోన్ తనంతట తాను గూగుల్‌తో కలవడం) ఉన్నాయి. అంటే ఆ ఫోన్‌ను ఇంట్లో ఛార్జింగ్ పెట్టి వాడుతూ ఉంటే గడువు మొదలవకపోవచ్చు. వాడకం లేని ఖాతాలను రెండేళ్ల తర్వాత గూగుల్ తీసేయవచ్చని కూడా గుర్తుంచుకోండి.

యాపిల్‌లో లెగసీ కాంటాక్ట్‌ను, అంటే మీ తర్వాత ఖాతా చూసుకునే మనిషిని, పెట్టినప్పుడు ఒక యాక్సెస్ కీ వస్తుంది. మరణ ధ్రువీకరణ పత్రంతో పాటు ఆ కీ కూడా ఉంటేనే తలుపు తెరుచుకుంటుంది, కాబట్టి ప్రింట్ తీసి కవరులో పెట్టండి. కీచైన్‌లోని (యాపిల్ పాస్‌వర్డ్‌లు దాచే చోటు) పాస్‌వర్డ్‌లు దీంతో రావు. ఫేస్‌బుక్ లెగసీ కాంటాక్ట్ ప్రొఫైల్ ఫోటో మార్చగలరు కానీ మెసేజ్‌లు చదవలేరు.

3. ఫోన్, సిమ్, కోడ్‌లు: చాలామంది తప్పేది ఇక్కడే

వేలిముద్రను, ముఖాన్ని నమ్ముకోవద్దు. ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే పిన్ అడిగి తీరుతుంది. గీతల ప్యాటర్న్ పెట్టుకుని ఉంటే ఈరోజే మార్చి ఆరంకెల పిన్ పెట్టండి. గీతలను కాగితం మీద వివరించడం ఎవరివల్లా కాదు. పిన్ రాసేటప్పుడు 1, 7 తేడా కనిపించాలి. తప్పు పిన్ కొట్టేకొద్దీ ఫోన్ వేచి ఉండమనే సమయం పెరుగుతుంది. ఐఫోన్‌లో డేటా చెరిపే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే పదో తప్పుతో అంతా పోతుంది.

సిమ్‌కు పిన్ ఉంటే పక్కనే పీయూకే కోడ్ (లాక్ పడ్డ సిమ్‌ను తెరిచే కోడ్) కూడా రాయాలి. మూడుసార్లు తప్పితే సిమ్ పీయూకే అడుగుతుంది. అదీ పదిసార్లు తప్పితే ఆ సిమ్ ఇక పనికిరాదు. కాగితం పైభాగంలో పెద్ద అక్షరాలతో ఇలా రాయండి: ‘అన్ని ఖాతాల పనీ ముగిసేదాకా ఈ నంబర్ ఆపించవద్దు, ఈ ఫోన్ రీసెట్ చేయవద్దు.’ ఆపించిన నంబర్ కొంతకాలానికి వేరొకరికి వెళ్తుంది. అప్పుడు ఓటీపీలు వాళ్లకే.

సిమ్ పాడైనా ఆధారం మిగలాలంటే ఓటీపీకి బదులు కొట్టే బ్యాకప్ కోడ్‌లు తీసుకోండి. గూగుల్ పది ఇస్తుంది, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. ఎప్పుడో కొత్త కోడ్‌లు తీసుకుని, కవరులో పాతవే ఉంచేస్తుంటారు. కొత్తవి రాగానే పాతవన్నీ చెల్లవు. అందుకే కాగితం మీద తేదీ ఉండాలి.

4. మెసేజ్‌ల సంగతి

వాట్సాప్‌లో 120 రోజులు వాడకం లేకపోతే ఖాతా సాధారణంగా రద్దవుతుంది. కాబట్టి ఉంచాలనుకున్న చాట్‌లను ముందే ఎక్స్‌పోర్ట్ చేసి వేరే చోట దాచండి. చాట్ బ్యాకప్‌కు ఎన్‌క్రిప్షన్ (తాళం వేసే ఏర్పాటు) పెట్టుకుంటే దాని పాస్‌వర్డో 64 అంకెల కీయో కాగితం మీద ఉండాలి, లేకపోతే కంపెనీ కూడా తెరవలేదు. ఎవరూ చదవకూడదనుకున్నవి మీరే ఇప్పుడే తీసేయండి. ‘చదవకుండా డిలీట్ చెయ్యి’ అని రాసిపెట్టి వెళ్లడం ఎదుటివాళ్లకు పరీక్ష పెట్టడమే.

5. ఒకసారి చేయించి చూడండి

కవరును ఆ మనిషి చేతికివ్వండి, మీ ఫోన్ ఆపి పక్కన పెట్టండి. వాళ్లు ఫోన్ తెరిచి, వేరే కంప్యూటర్‌లో మీ మెయిల్‌లోకి వెళ్లేదాకా మీరు నోరు విప్పకూడదు. మిమ్మల్ని ఏది అడిగారో అది కాగితంలో చేర్చండి. పరీక్షలో వాడిన బ్యాకప్ కోడ్‌ను కొట్టేసి కవరు మూయండి.