పాత ఫోటోలోని నీళ్ల గిర్నీ ఎక్కడిదో, ఎప్పటిదో తేల్చడం ఎలా?

హైదరాబాద్ పాత ఇళ్లలోని ఆల్బమ్‌లో ఇలాంటి ఫోటో ఒకటి దొరికిందనుకోండి: ఏటి ఒడ్డున రాతి గది, పక్కన పెద్ద చక్రం, వెనకవైపు పెన్సిల్‌తో "మూసీ మీద గిర్నీ" (నీటి బలంతో చక్రం తిప్పి పిండి ఆడేది) అన్న రాత. ఆ రాతను వెంటనే నమ్మొద్దు. తాత చెప్పింది మనవడు ఎప్పుడో రాసి ఉండొచ్చు.

ముందు ఫోటోను అట్ట నుంచి పీకకండి. లామినేషన్ జోలికి అసలే పోవద్దు. ముందూ వెనకా, అంచులతో సహా 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేసుకుని, అక్కణ్ణుంచి స్కాన్ మీదే పని చేయండి.

తర్వాత కాగితం. సికింద్రాబాద్‌లోని ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ స్టూడియో వంటి చోట్ల తీసినవైతే అట్ట మీద సాధారణంగా పేరు అచ్చయి ఉంటుంది. అలాంటిదేమీ లేకుండా బొమ్మ గుండ్రంగా, రెండున్నర అంగుళాల వెడల్పుతో ఉంటే 1888లో వచ్చిన తొలి కొడాక్ కెమెరాతో ఎవరో సరదాకి తీసినది కావచ్చు. ఆ పెట్టెకు వ్యూఫైండర్ (ఫ్రేమ్‌లోకి ఏం వస్తుందో చూసుకునే కిటికీ) లేదు, కాబట్టి బొమ్మ కాస్త ఒరిగి ఉన్నా ఆశ్చర్యం లేదు. భూతద్దంలో కాగితం పీచు కనిపించి, రంగు పసుపుకు తిరిగితే అది కోడిగుడ్డు తెల్లసొన పూసిన ఆల్బుమెన్ కాగితం. 1890ల దాకా ఎక్కువగా వాడింది దాన్నే.

అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. గిర్నీని కాసేపు వదిలేసి, దాని వెనక ఏముందో చూడండి. సరదాకి తీసేవాళ్లు ఫ్రేమ్‌లోకి ఏం వస్తుందో పెద్దగా పట్టించుకోరు. మనకు కావలసిన సాక్ష్యం చాలాసార్లు అలా పొరపాటున పడినదే. 1908 సెప్టెంబర్ 28 వరద మూసీ ఒడ్డుల రూపం మార్చేసింది. హైకోర్టు భవనం 1920లో తెరిచారు. దాని గుమ్మటం కనిపిస్తే ఆ ఫోటో వరదకు ముందుది కాదు. మూసీ మీది పురానాపూల్ వంతెన 1578 నాటిది, వరద తర్వాతా నిలిచింది. అందుకే అది చోటు చెబుతుంది కానీ కాలం చెప్పదు. మూసీ నగరంలో పడమర నుంచి తూర్పుకు పారుతుంది. నీరు పోయే దిక్కుకు మొహం పెడితే పాతబస్తీ కుడిచేతి వైపు ఉండాలి. ఎడమన ఉంటే ప్రింట్‌లో కుడిఎడమలు తారుమారయ్యాయేమో, ఏదైనా బోర్డు మీది అక్షరాలు చూసుకోండి.

ఇక చక్రం. చక్రానికి కుండలు కట్టి, పక్కన ఎద్దు తిరిగే బాట ఉంటే అది పిండి ఆడేది కాదు, నీళ్లు తోడేది. గిర్నీ అయితే చక్రానికి నీళ్లు తెచ్చే కాలువో, అడ్డుకట్టో కనిపించాలి. వేసవిలో మూసీ ఎంత సన్నబడేదో తెలిసినవాళ్లు ఇక్కడ కొంచెం అనుమానపడతారు, పడాలి కూడా.

చివరగా, వరద తర్వాత లియొనార్డ్ మన్ అనే అధికారి ఆధ్వర్యంలో నగరాన్ని ఇంటింటికీ కొలిచి గీసిన పటాలతో పోల్చండి. పటంలో ఆ గది లేకపోతే "వరదలో పోయింది" అని వెంటనే రాసేయకండి. అసలు అది మూసీయే కాకపోవచ్చు. చదువులకో ఉద్యోగాలకో బయటికి వెళ్లినవాళ్లు అక్కడ తీసిన ఫోటోలను తెచ్చి ఇదే ఆల్బమ్‌లో అతికించేవారు. అదే పేజీలోని మిగతా ఫోటోల్లో ఏ ఊరు కనిపిస్తుందో చూడండి.