వర్చువల్ మెషీన్ల సాధన – ఐదవ పాఠం: నడుస్తున్న స్థితిని ఫైలులో భద్రపరచడం

గత పాఠంలో విర్ష్ (టెర్మినల్ నుంచి వర్చువల్ మెషీన్లను నిర్వహించే పనిముట్టు) సస్పెండ్ ఆదేశంతో గెస్టును, అంటే వర్చువల్ మెషీన్‌ను, ఉన్నచోటనే ఆపి, విర్ష్ రెస్యూమ్‌తో మళ్ళీ కదిలించడం నేర్చుకున్నాము. ఆ పద్ధతిలో ఆగేది ప్రాసెసర్ ఒక్కటే. గెస్టు మెమరీ అంతా హోస్టు (గెస్టును నడిపే అసలు కంప్యూటరు) ర్యామ్‌లోనే ఉండిపోతుంది కనుక హోస్టును ఆపివేసిన మరుక్షణం ఆ స్థితి పోతుంది. ఈ పాఠంలో ఆ స్థితి మొత్తాన్ని డిస్కు మీద ఒక ఫైలుగా రాసి, గెస్టును పూర్తిగా దించివేసి, హోస్టును ఆపి మళ్ళీ వెలిగించిన తరువాత కూడా గెస్టు ఏ పని మధ్యలో ఆగిందో సరిగ్గా అక్కడినుంచే కొనసాగేలా చేయడం చూద్దాము.

మొదటి పాఠంలో తయారుచేసుకున్న ‘సాధన’ అనే డెబియన్ గెస్టునే ఇక్కడా వాడుతున్నాము. దాని మెమరీ 2 జీబీ, డిస్కు ఒకే ఒక క్యూకౌ2 ఫైలు (వర్చువల్ డిస్కును దాచే ఒక ఫైలు రకం), హోస్టు మీద కేవీఎం (లినక్స్ కెర్నెల్‌లోని వర్చువలైజేషన్ భాగం), లిబ్‌వర్ట్ (గెస్టులను నిర్వహించే సాఫ్ట్‌వేర్, విర్ష్ దాని పనిముట్టే) ఉన్నాయి. ఆదేశాలను ఈ పాఠాలలో తెలుగు లిపిలో రాస్తున్నాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలి.

నడుస్తున్న స్థితి అంటే ఏమిటో ముందుగా తేల్చుకోవాలి. అందులో మూడు భాగాలు ఉంటాయి. ప్రతి వర్చువల్ ప్రాసెసర్‌లోని రిజిస్టర్ల విలువలు ఒకటి. గెస్టు మెమరీలోని ప్రతి పేజీ రెండవది. నెట్‌వర్క్ కార్డు, డిస్కు కంట్రోలర్, టైమర్, ఇంటరప్టు కంట్రోలర్ వంటి పరికరాలు ఆ క్షణాన ఏ దశలో ఉన్నాయన్న వివరం మూడవది. గెస్టును ఒక హోస్టు నుంచి మరొక హోస్టుకు ఆపకుండా తరలించే లైవ్ మైగ్రేషన్‌లో క్యూఎము (గెస్టును నిజంగా నడిపే ప్రోగ్రాము) పంపేది కూడా ఈ మూడింటినే. నిజానికి భద్రపరచడానికి క్యూఎములో వేరే యంత్రాంగం లేదు. మైగ్రేషన్ ప్రవాహాన్నే నెట్‌వర్కులోకి కాక ఫైలులోకి మళ్ళిస్తారు. ఈ సంగతి గుర్తుంచుకుంటే, పునరుద్ధరణ ఎప్పుడు విఫలమవుతుందో తరువాత తేలికగా అర్థమవుతుంది. పై మూడింటిలో డిస్కు లేదన్న విషయాన్ని కూడా ఇప్పుడే గమనించండి. ఈ పాఠంలో అతి ముఖ్యమైన హెచ్చరిక దానిమీదనే ఆధారపడి ఉంది.

ఇక అభ్యాసం మొదలుపెడదాము. గెస్టు కన్సోల్‌లోకి వెళ్ళి, ప్రతి సెకనుకు ఒక అంకె పెంచుతూ దాని పక్కనే డేట్ ఆదేశం ఇచ్చే సమయాన్ని ముద్రించే చిన్న షెల్ లూప్‌ను నడపండి. హోస్టు నుంచి గెస్టులోకి ఒక ఎస్ఎస్‌హెచ్ సెషన్ కూడా తెరిచి, అందులో ఏమీ కొట్టకుండా అలాగే ఉంచండి. లూప్ ఏ నలభై దగ్గరికో వచ్చినప్పుడు హోస్టు మీద మరొక టెర్మినల్‌లో ‘విర్ష్ సేవ్ సాధన /వార్/టీఎంపీ/సాధన.సేవ్’ అని ఇవ్వండి. వెర్బోస్ అనే ఐచ్ఛికాన్ని జోడిస్తే ఎంత శాతం రాసిందో కనిపిస్తూ ఉంటుంది. పెద్ద గెస్టు విషయంలో మధ్యలో మనసు మారితే వేరే టెర్మినల్ నుంచి ‘విర్ష్ డోమ్‌జాబ్‌అబార్ట్’ ఇచ్చి రద్దు చేయవచ్చు. ఆదేశం పూర్తయ్యాక విర్ష్ లిస్టుకు ఆల్ ఐచ్ఛికం చేర్చి చూస్తే గెస్టు ఆగిపోయినట్లే కనిపిస్తుంది. దాని క్యూఎము ప్రాసెస్ ఇప్పుడు లేదు, అది పట్టి ఉంచిన ర్యామ్ హోస్టుకు తిరిగి వచ్చేసింది.

ఆ ఫైలును ఒకసారి తెరిచి చూడడం మంచిది. రూట్ హక్కులతో దాని మొదటి 16 బైట్లను ముద్రిస్తే ‘లిబ్‌వర్ట్‌క్యూఎముడీసేవ్’ అన్న గుర్తు ఇంగ్లీషు అక్షరాలలో స్పష్టంగా కనిపిస్తుంది. రాయడం సాగుతున్నంతసేపు ఆ చోట చివరి నాలుగు అక్షరాలు ‘సేవ్’కు బదులు ‘పార్ట్’ అని ఉంటాయి. మొత్తం రాసి ముగించిన తరువాతనే లిబ్‌వర్ట్ వెనక్కు వచ్చి ఆ గుర్తును మారుస్తుంది. అందువల్ల మధ్యలో కరెంటు పోయి సగం మిగిలిన ఫైలును అది పూర్తి ఫైలుగా పొరపడి గెస్టును నడిపించదు. ఇంత చిన్న ఏర్పాటుతో ఎంత పెద్ద నష్టాన్ని తప్పించారో చూడండి. ఫైళ్ళు రాసే ప్రోగ్రాములు తయారుచేసేవారందరూ నేర్చుకోదగిన పద్ధతి ఇది. ఆ గుర్తు తరువాత గెస్టు నిర్వచనమైన ఎక్స్‌ఎంఎల్, ఆపైన క్యూఎము ప్రవాహం ఉంటాయి. ఎక్స్‌ఎంఎల్ భాగాన్ని చదవడానికి ‘విర్ష్ సేవ్-ఇమేజ్-డంప్‌ఎక్స్‌ఎంఎల్’ అన్న ఆదేశం ఉంది.

ఫైలు పరిమాణం కూడా చూడండి. 2 జీబీ మెమరీ అంటే 4 కేబీ చొప్పున 5,24,288 పేజీలు. అన్నీ సున్నాలే ఉన్న పేజీని క్యూఎము పూర్తిగా రాయదు, సున్నా పేజీ అని గుర్తు మాత్రం పెడుతుంది. కాబట్టి అప్పుడే బూట్ అయిన గెస్టుకు ఫైలు 2 జీబీ కన్నా బాగా చిన్నదిగా వస్తుంది. కానీ రోజుల తరబడి నడిచిన గెస్టులో ఫ్రీ ఆదేశం ఖాళీ మెమరీ ఎంతో చూపిస్తున్నా ఫైలు మాత్రం పెద్దదిగానే ఉంటుంది. ఒకసారి వాడి వదిలేసిన పేజీలో పాత బైట్లు అలాగే ఉండిపోవడమే దీనికి కారణం. గెస్టు కెర్నెల్ దృష్టిలో అది ఖాళీయే అయినా, బయటినుంచి చూసే క్యూఎముకు ఆ సంగతి తెలియదు. స్థలం ఇబ్బందిగా ఉంటే హోస్టులోని /ఈటీసీ/లిబ్‌వర్ట్/క్యూఎము.కాన్ఫ్ ఫైలులో సేవ్_ఇమేజ్_ఫార్మాట్‌ను జీజిప్ లేదా ఎల్‌జోప్ అని పెట్టుకోవచ్చు. జీజిప్ ఎక్కువ కుదిస్తుంది, ఎల్‌జోప్ త్వరగా ముగిస్తుంది.

ఇప్పుడు ఐదు నిమిషాలు ఆగి ‘విర్ష్ రిస్టోర్ /వార్/టీఎంపీ/సాధన.సేవ్’ ఇవ్వండి. కన్సోల్‌లో లూప్ వదిలిన అంకె తరువాతి అంకెతోనే మొదలవుతుంది. ఎస్ఎస్‌హెచ్ సెషన్‌లో ఎంటర్ కొడితే ప్రాంప్టు మామూలుగా వస్తుంది. ఇరువైపులా ఏమీ పంపనంతవరకు టీసీపీ కనెక్షన్‌కు అవతలివారు మాయమయ్యారన్న సంగతి తెలిసే అవకాశమే లేదు. ఒకవైపు నుంచి డేటా వెళుతూ ఉండి జవాబు రాకపోతే మాత్రం లినక్స్ సాధారణ అమరికలలో పదిహేను నిమిషాల సుమారుకు ఆ కనెక్షన్‌ను వదిలేస్తుంది. ఈ లెక్కన రాత్రంతా భద్రపరచి ఉంచిన డేటాబేస్ సర్వరు తెల్లవారి లేచేసరికి దాని క్లయింట్లలో చాలామంది తెగిపోయి ఉంటారు. తిరిగి కలుపుకునే పని అప్లికేషన్‌దే.

లూప్ ముద్రించిన సమయాలను ఇప్పుడు జాగ్రత్తగా చూడండి. వాటిలో ఎక్కడా ఐదు నిమిషాల ఎడం కనిపించదు. గెస్టు గడియారం నిద్రపోయిన క్షణం నుంచే నడక మొదలుపెట్టి, హోస్టు కన్నా ఐదు నిమిషాలు వెనుకబడి ఉంటుంది. గెస్టులో క్రోనీ (గడియారాన్ని నెట్‌వర్కు సమయంతో సరిచేసే సేవ) ఉంది కదా, అదే సరిచేస్తుందని చాలామంది భరోసాతో ఉంటారు. క్రోనీ మామూలు అమరికలో గడియారాన్ని ఒక్కసారిగా ముందుకు జరిపేది తాను మొదలైన తరువాత వచ్చే తొలి మూడు సవరణలలోనే. ఆ తరువాత ఎంత తేడా ఉన్నా నెమ్మదిగా మాత్రమే సర్దుతుంది, ఆ సర్దుబాటు గరిష్ఠ వేగం పన్నెండు సెకన్లకు ఒక సెకను. అంటే గంట వెనుకబడిన గడియారం సరిపడడానికి పన్నెండు గంటలు పడుతుంది. ఐదు నిమిషాల తేడాను మించి సహించని కెర్బరోస్ (లాగిన్ ధ్రువీకరణ పద్ధతి) వంటి సేవలు ఆలోగా లాగిన్లను తిరస్కరిస్తూనే ఉంటాయి. అందుకే పునరుద్ధరణ పూర్తికాగానే గెస్టులో ‘క్రోనీసీ మేక్‌స్టెప్’ ఇవ్వడం, లేదా గెస్టులో క్యూఎము గెస్ట్ ఏజెంట్ (హోస్టు అడిగిన పనులను గెస్టు లోపల చేసే చిన్న ప్రోగ్రాము) ఉంటే హోస్టు నుంచి ‘విర్ష్ డోమ్‌టైమ్ సాధన’కు నౌ ఐచ్ఛికం చేర్చి ఇవ్వడం అలవాటు చేసుకోవాలి.

ఇక ముందు చెప్పిన హెచ్చరిక. విర్ష్ రిస్టోర్ పని ముగిశాక సాధన.సేవ్ ఫైలు చెరిగిపోదు, అక్కడే ఉంటుంది. దాన్ని చూసి, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆ క్షణానికి తిరిగి వెళ్ళవచ్చని అనిపించడం సహజం. దయచేసి అలా చేయకండి. ఆ ఫైలులో ఉన్నది మెమరీ మాత్రమే, డిస్కు ఈలోగా ముందుకు వెళ్ళిపోయింది. గెస్టు కెర్నెల్ తన మెమరీలో ఫైల్ సిస్టమ్‌కు సంబంధించిన ఎన్నో వివరాలను పట్టి ఉంచుతుంది: ఏ బ్లాకులు ఖాళీ, ఏ డైరెక్టరీలో ఏ పేర్లు, జర్నల్ (మార్పులను ముందుగా నమోదు చేసుకునే చోటు) ఎంతవరకు రాశాము. భద్రపరచిన క్షణాన ఒక బ్లాకు ఖాళీగా ఉందనుకుందాము. పునరుద్ధరించిన తరువాత గెస్టు ఆ బ్లాకులో మీ జీతాల జాబితా రాసింది. ఇప్పుడు అదే ఫైలు నుంచి రెండవసారి పునరుద్ధరిస్తే, మేల్కొన్న పాత కెర్నెల్‌కు ఆ బ్లాకు ఇంకా ఖాళీయే. ఏదో లాగ్ ఫైలుకు చోటు కావలసివచ్చి దానిమీదనే రాసేస్తుంది. ఒక్క దోష సందేశమూ రాదు. డిస్కు నుంచి మళ్ళీ చదివి సరిచూసుకోవడానికి కెర్నెల్‌కు కారణమూ లేదు, ఎందుకంటే తాను మౌంట్ చేసిన డిస్కును మరెవరూ ముట్టుకోరన్న నమ్మకం మీదనే ఫైల్ సిస్టమ్ మొత్తం నిర్మితమైంది. నష్టం బయటపడేది వారాల తరువాత, ఫైల్ సిస్టమ్‌ను తనిఖీ చేసే ఎఫ్ఎస్‌సీకే నడిపినప్పుడో, ఆ జాబితా తెరిచినప్పుడో. విర్ష్ మాన్యువల్ కూడా ఈ మాట సూటిగానే చెబుతుంది: డిస్కులన్నింటినీ ఆ ఫైలు తయారైనప్పటి స్థితికి తీసుకువెళితే తప్ప అదే ఫైలును రెండవసారి వాడరాదు.

ఇదే కారణం వల్ల, స్థితి భద్రపరచి ఉన్నంతకాలం ఆ డిస్కును హోస్టు మీద మౌంట్ చేసి ఒక్క కాన్ఫిగరేషన్ ఫైలైనా మార్చరాదు. బ్యాకప్ తీసేటప్పుడు స్థితి ఫైలును, డిస్కు ఫైలును గెస్టు ఆగి ఉన్నప్పుడే జతగా నకలు తీయాలి. స్థితి ఫైలు పోయి డిస్కు మిగిలితే జరిగేది మాత్రం అంత భయంకరం కాదు. గెస్టుకు అది కరెంటు పోయినట్లే. ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ తన జర్నల్ సాయంతో కోలుకుంటుంది, డిస్కుకు చేరని డేటా మాత్రం పోతుంది.

పొరపాటున రెండవసారి పునరుద్ధరించే ప్రమాదం లేని మార్గం ఒకటి ఉంది. ‘విర్ష్ మేనేజ్డ్‌సేవ్ సాధన’ అని ఇస్తే ఫైలు ఎక్కడ పెట్టాలో లిబ్‌వర్టే చూసుకుంటుంది (/వార్/లిబ్/లిబ్‌వర్ట్/క్యూఎము/సేవ్ డైరెక్టరీలో). తరువాత మామూలుగా విర్ష్ స్టార్ట్ ఇస్తే గెస్టు బూట్ కాకుండా ఆ స్థితి నుంచే కొనసాగుతుంది, విజయవంతంగా మొదలైన వెంటనే ఆ ఫైలును లిబ్‌వర్ట్ తొలగిస్తుంది. రోజువారీ పనికి నేను దీనినే సిఫారసు చేస్తాను. విర్ష్ సేవ్‌ను స్థితి ఫైలును వేరే చోటికి తీసుకువెళ్ళవలసిన సందర్భాలకే ఉంచుకోండి. స్థితిని వదిలేసి కొత్తగా బూట్ కావాలంటే ‘విర్ష్ మేనేజ్డ్‌సేవ్-రిమూవ్’ ఉంది. హోస్టు ఆగిపోయేటప్పుడు గెస్టులన్నింటినీ ఇలా భద్రపరచే పనిని లిబ్‌వర్ట్-గెస్ట్స్ సేవ చేస్తుంది. దాని అమరికలో ఆన్_షట్‌డౌన్ విలువను సస్పెండ్ అని పెట్టాలి. ఎండాకాలం కరెంటు కోతల మధ్య యూపీఎస్ మీద నడిచే హోస్టుకు ఇది ఎంతో ఉపయోగం, కానీ ఒక లెక్క వేసుకోవాలి: గెస్టులన్నింటి మెమరీ కలిపి 48 జీబీ ఉండి డిస్కు సెకనుకు 100 ఎంబీ మాత్రమే రాయగలిగితే ఎనిమిది నిమిషాలకు పైగా పడుతుంది. బ్యాటరీ అంతసేపు నిలవాలి.

పునరుద్ధరణ విఫలమయ్యే సందర్భాలలో ఎక్కువ భాగం మైగ్రేషన్ నియమాల నుంచి వచ్చేవే. ఎక్స్‌ఎంఎల్‌లో ప్రాసెసర్ హోస్ట్-పాస్‌త్రూ (హోస్టు ప్రాసెసర్‌ను ఉన్నదున్నట్లు గెస్టుకు చూపడం) అని ఉంటే గెస్టు ఆ హోస్టు ప్రాసెసర్‌కే కట్టుబడిపోతుంది, వేరే తరం ప్రాసెసర్ ఉన్న యంత్రం మీద తెరవాలంటే ముందునుంచే పేరున్న ప్రాసెసర్ మోడల్‌ను ఎంచుకుని ఉండాలి. కొత్త క్యూఎము పాత స్థితిని చదవగలుగుతుంది, పాత క్యూఎము కొత్తదాన్ని చదువుతుందన్న హామీ లేదు. డిస్కు ఫైలును వేరే డైరెక్టరీకి మార్చినందువల్ల విఫలమైతే మాత్రం చికిత్స సులభం: ‘విర్ష్ సేవ్-ఇమేజ్-ఎడిట్’తో స్థితి ఫైలులోని దారిని సరిదిద్దవచ్చు.

భద్రత గురించి కూడా చెప్పాలి. మెమరీలో ఉన్నదంతా ఆ ఫైలులో ఉంటుంది: డిస్కు ఎన్‌క్రిప్షన్ తాళంచెవి, తెరిచి ఉన్న పాస్‌వర్డులు, సెషన్ టోకెన్లు. గెస్టు డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసి, ఆ తాళంచెవి ఉన్న స్థితి ఫైలును ఎన్‌క్రిప్ట్ చేయని పెన్‌డ్రైవ్‌లో పెడితే ఆ శ్రమంతా వృథా. ఒకే స్థితి నుంచి రెండు గెస్టులను లేపితే రెండింటిలోనూ యాదృచ్ఛిక సంఖ్యల ఉత్పత్తి ఒకే బిందువు నుంచి మొదలవుతుందన్న ప్రమాదాన్ని రిస్టన్‌పార్ట్, యిలెక్ అనే పరిశోధకులు 2010లోనే చూపారు. వీఎం జనరేషన్ ఐడీ అనే 128 బిట్ల గుర్తు మారడాన్ని గమనించి యాదృచ్ఛిక సంఖ్యల మూలాన్ని తాజా చేసుకునే ఏర్పాటు లినక్స్‌కు 2022లో, 5.18 కెర్నెల్‌తో వచ్చింది.

తరువాతి పాఠానికి ముందు ఈ అభ్యాసం చేయండి. గెస్టులో ఒక ఎడిటర్ తెరిచి నాలుగు వాక్యాలు టైపు చేసి, ఫైలుగా దాచకుండానే మేనేజ్డ్‌సేవ్ ఇవ్వండి. ‘విర్ష్ డోమ్‌ఇన్ఫో సాధన’లో మేనేజ్డ్ సేవ్ అన్న వరుస ‘యెస్’ అని చూపుతున్నదో లేదో సరిచూసి, హోస్టును రీబూట్ చేసి, గెస్టును స్టార్ట్ చేయండి. ఆ నాలుగు వాక్యాలు ఎడిటర్‌లో ఉన్నాయా, డోమ్‌ఇన్ఫోలోని వరుస మారిందా, డేట్ ఆదేశం ఎంత తేడా చూపుతోంది అన్న మూడింటినీ రాసిపెట్టుకోండి. ఆరవ పాఠంలో మెమరీని, డిస్కును ఒకే క్షణానికి కట్టి ఉంచి ఎన్నిసార్లయినా వెనక్కు వెళ్ళనిచ్చే స్నాప్‌షాట్లను తీసుకుంటాము. వాటికి క్యూకౌ2 డిస్కు అవసరం కనుక రా ఫార్మాట్‌లో గెస్టును తయారుచేసుకున్నవారు ఆలోగా దాన్ని పూర్తిగా షట్‌డౌన్ చేసి, క్యూఎము-ఐఎంజీ కన్వర్ట్‌తో మార్చి, గెస్టు నిర్వచనంలో కొత్త ఫైలు పేరు, ఫార్మాట్ సరిదిద్ది సిద్ధంగా ఉంచుకోండి.