జీతం ఖాతాకు ఓవర్‌డ్రాఫ్ట్ ఇస్తామంటే సరే అనాలా, వద్దనాలా?

బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నవాళ్లలో చాలామందికి బ్యాంకు యాప్ తెరవగానే పైన ఒక ఆఫర్ కనపడుతుంది. మీ శాలరీ అకౌంట్ మీద ఓవర్‌డ్రాఫ్ట్ సిద్ధంగా ఉంది, కాగితాలు అక్కర్లేదు, ఇక్కడ నొక్కండి అని. ఖాతాలో డబ్బు అయిపోయినా డెబిట్ కార్డు పనిచేస్తుంది, ఈఎమ్ఐ బౌన్స్ అవదు, వాడుకున్న డబ్బుకి, వాడుకున్న రోజులకే వడ్డీ. కొందరికి ఇది నిజంగానే పనికొస్తుంది. ఇంకొందరిని మాత్రం ఏళ్ల తరబడి వదలదు. మీరు ఏ కోవలోకి వస్తారో నొక్కే ముందే తేల్చుకోవచ్చు, దానికి ఓ గంట చాలు.

ముందు మీ ఖాతా ఎందుకు ఖాళీ అవుతోందో చూడండి. తేదీలు కుదరక అవుతోందా, డబ్బు చాలక అవుతోందా? మారతహళ్లిలో ఇంటి ఓనర్‌కి ఒకటో తేదీకల్లా అద్దె పడాలి, బండి ఈఎమ్ఐ ఐదున కట్ అవుతుంది, మీరు పనిచేసే కాంట్రాక్ట్ కంపెనీయేమో జీతం ఏడునో పదినో వేస్తుంది, నెల మొత్తం లెక్క వేస్తే డబ్బు మిగులుతుంది కానీ ఆ వారం రోజులు మాత్రం టెన్షన్. ఇది తేదీల గొడవ, దీనికి ఓవర్‌డ్రాఫ్ట్ (పొట్టిగా ఓడీ) సరైన మందే. అలా కాకుండా జీతం ఠంచనుగా ఒకటినే పడినా ఇరవయ్యో తారీఖుకల్లా అయిపోయి, రూమ్మేట్ దగ్గర చేబదులు తీసుకుని, మళ్లీ జీతం రాగానే అది తీర్చి, మళ్లీ ఇరవైకల్లా ఖాళీ అవుతుంటే అది డబ్బు చాలకపోవడం. అక్కడ ఓడీ తీసుకుంటే రూమ్మేట్ స్థానంలో బ్యాంకు వస్తుంది, వడ్డీ తోడవుతుంది.

మీది ఏదో తెలియాలంటే ఆరు నెలల స్టేట్‌మెంట్ డౌన్‌లోడ్ చేసి, ప్రతి నెలా జీతం పడటానికి ముందురోజు ఖాతాలో ఎంత ఉందో, అప్పటికి ఎవరికైనా ఎంత బాకీ ఉన్నారో ఒక కాగితం మీద రాయండి. క్రెడిట్ కార్డు బిల్లు కూడా బాకీలోకే వస్తుంది, దాన్ని వదిలేయకండి. ఉన్నదాంట్లోంచి బాకీ తీసేస్తే వచ్చే అంకె ఆరు నెలలూ దాదాపు ఒకేలా ఉంటే లేదా పెరుగుతూ ఉంటే మీది తేదీల సమస్య. నెలనెలా కిందికి జారుతుంటే ఆఫర్ ఎంత బాగున్నా వద్దనండి. సంక్రాంతికి ఊరెళ్లిన నెల, ఇల్లు మారి అడ్వాన్స్ కట్టిన నెల ఎలాగూ తేడాగా ఉంటాయి, వాటిని పక్కనపెట్టి మిగతావి చూడండి.

ఇక డబ్బు లేనప్పుడు అసలు ఏం జరుగుతుందో చూద్దాం. షాపులో కార్డు డిక్లైన్ అయితే కొంచెం ఇబ్బందిగా ఉంటుంది, అంతే. యూపీఐ ఫెయిలైతే ఫైన్ ఏమీ పడదు. ఏటీఎమ్‌లో బ్యాలెన్స్ లేకుండా డబ్బు తీయబోతే చాలా బ్యాంకులు 20 నుంచి 25 రూపాయలు, దానిమీద జీఎస్టీ వేస్తాయి. అసలు దెబ్బ ఆటో డెబిట్ దగ్గర ఉంది. ఈఎమ్ఐ, సిప్ (మ్యూచువల్ ఫండ్ కిస్తీ), ఇన్సూరెన్స్ ప్రీమియం లాంటివాటికి మీరు ఇచ్చిన మ్యాండేట్, అంటే ఖాతాలోంచి దానంతటదే కట్ చేసుకోమన్న అనుమతి, డబ్బు లేక తిరిగిపోతే మీ బ్యాంకు సాధారణంగా 250 నుంచి 500 రూపాయల దాకా, పైన 18 శాతం జీఎస్టీ తీసుకుంటుంది, అప్పిచ్చిన సంస్థ తన వంతు బౌన్స్ చార్జీ తాను వేస్తుంది, కట్టడం ఆలస్యమైతే సిబిల్‌లో, అంటే మీ అప్పుల చరిత్ర రికార్డులో, మచ్చ మిగులుతుంది. డబ్బు లేక మ్యాండేట్ తిరిగిపోవడం చెక్ బౌన్స్ లాగే నేరం కిందికి కూడా వస్తుంది, 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టంలో 25వ సెక్షన్ దాని గురించే. కాబట్టి ఓడీ తీసుకుంటే ఆటో డెబిట్‌లను కాపాడుకోవడానికే తీసుకోండి. శనివారం సాయంత్రం కోరమంగళలో బిల్లు కట్టడానికి అది అక్కర్లేదు, అక్కడ కార్డు డిక్లైన్ అవడమే మీకు మంచిది.

ఖర్చు లెక్క చూద్దాం, ఇక్కడే చాలామంది పొరబడతారు. ఏడాదికి 15 శాతం వడ్డీ అనుకోండి, మన ఊళ్ల లెక్కలో నూటికి రూపాయి పావలా. 8,000 రూపాయలు ఆరు రోజులు వాడితే వడ్డీ దాదాపు 20 రూపాయలు. ఇంతేనా అనిపిస్తుంది. ఏడాదంతా నెలకోసారి అలా వాడినా 240 రూపాయలే. కానీ ఓడీ లిమిట్‌కి, అంటే బ్యాంకు ఎంత దాకా వాడుకోనిస్తుందో ఆ మొత్తానికి, ఏటా వెయ్యి రూపాయల ఫీజు ఉంటే జీఎస్టీతో కలిపి 1,180. అంటే మీరు మోసే భారంలో ఎక్కువ భాగం ఫీజుదే, వడ్డీది కాదు. తక్కువ వాడేవాళ్లు వడ్డీ శాతం గురించి బేరమాడటం కన్నా ఫీజు తీసేయమని అడగడం మేలు, జీతం ఆ బ్యాంకులోనే పడుతోంది కాబట్టి అడిగి చూడటంలో తప్పులేదు. రెండోవైపు చూస్తే, ఒక్క బౌన్స్‌కి 500 చార్జీ జీఎస్టీతో 590 అవుతుంది, అవతలి సంస్థ వేసేది వేరే. ఏడాదికి రెండు మూడు బౌన్స్‌లు తప్పేటట్టుంటే ఓడీ గిట్టుబాటే. గత రెండేళ్లలో ఒక్కటీ బౌన్స్ అవకపోతే ఆ 1,180 దండగ.

అదే 50,000 లిమిట్ మొత్తం వాడేసి అలాగే ఉంచితే నెలకు 625, ఏడాదికి 7,500 వడ్డీ, అసలు మాత్రం రూపాయి కూడా తగ్గదు. ఎవరూ కావాలని అలా ఉంచరు, అలా జరిగిపోతుంది. 60,000 జీతం పడిందనుకోండి, మైనస్‌లో ఉన్న ఖాతా అందులోంచి 40,000 ముందే మింగేస్తుంది, మిగిలిన 20,000లో అద్దెకు 18,000 పోతే రెండో తారీఖు నుంచే మళ్లీ ఓడీ మీద బతకాలి. పర్సనల్ లోన్‌కి ఒక కిస్తీ ఉంటుంది, ముగిసే తేదీ ఉంటుంది. ఓడీకి అవి రెండూ ఉండకపోవచ్చు, నెలనెలా వడ్డీ కట్టుకుంటూ పోతే బ్యాంకు కూడా తొందరపెట్టదు. అందుకే ఓడీ తీసుకునేవాళ్లు తమకు తాము ఒక నియమం పెట్టుకోవాలి: జీతం పడ్డాక పది రోజులైనా ఖాతా మైనస్‌లో లేకుండా ఉండాలి. వరసగా రెండు నెలలు అది కుదరకపోతే లిమిట్ తగ్గించమని బ్యాంకుని అడగండి, బాకీని ఆరు నెలలో పన్నెండు నెలలో కిస్తీలుగా మార్చి తీర్చేయండి.

యాప్‌లో ఒక్క విషయం తప్పకుండా చూడండి. కొన్ని చోట్ల అందుబాటులో ఉన్న బ్యాలెన్స్ అని చూపించే అంకెలో ఓడీ లిమిట్ కూడా కలిసి ఉంటుంది. మీ సొంత డబ్బు 3,000 ఉండి లిమిట్ 50,000 అయితే 53,000 అని కనపడుతుంది, మనసు దానికే అలవాటు పడిపోతుంది. రెండూ విడివిడిగా చూపించే సెట్టింగ్ ఉందా అని అడగండి. లేకపోతే, ఆరేడు రోజుల్లో తీర్చేయగలిగినంత మొత్తానికే లిమిట్ పెట్టించుకోండి, వాళ్లు లక్షన్నర ఇస్తామన్నా సరే.

బ్యాంకుని అడగాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి, చాట్‌లోనో ఈమెయిల్‌లోనో అడగండి, జవాబు రాతపూర్వకంగా మీ దగ్గర ఉంటుంది. వడ్డీ వాడిన మొత్తానికేనా, లిమిట్ మొత్తానికా? వాడకపోయినా ఏమైనా చార్జీ ఉందా? ఓడీ ఇదే ఖాతాకు తగిలిస్తారా, వేరే ఖాతాగా తెరుస్తారా? ఈ ప్రశ్న చిన్నదిగా కనపడుతుంది కానీ ముఖ్యం, ఎందుకంటే వేరే ఖాతాగా తెరిస్తే మీ ఈఎమ్ఐ మ్యాండేట్ పాత ఖాతా మీదే ఉంటుంది, అందులో డబ్బు లేకపోతే పక్క ఖాతాలో ఓడీ ఉన్నా బౌన్స్ అవుతుంది. పైగా పర్సనల్ లోన్ లాంటి ఓడీ ఖాతాలకు విడిగా ఇచ్చే కార్డుల మీద 2020లో ఆర్‌బీఐ షరతు పెట్టింది, వాటిని దేశం లోపల, నగదు కాని చెల్లింపులకే వాడాలి. ఏటీఎమ్‌లో డబ్బు తీసుకుందామని తీసుకుంటే నిరాశే. యాప్‌లోనే అప్పు ఇస్తున్నట్టయితే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (అప్పు షరతులన్నీ ఒకచోట చెప్పే కాగితం) అడిగి, అందులో ఏపీఆర్ అనే అంకె చూడండి, ఫీజులు కూడా కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో అదే చెబుతుంది. ఆర్‌బీఐ డిజిటల్ లెండింగ్ నిబంధనల ప్రకారం అది ఇచ్చి తీరాలి, మీరు ఒప్పుకోకుండా లిమిట్ పెంచకూడదు కూడా.

మోసాల సంగతి కూడా ఆలోచించండి. ఖాతాలో 4,000 ఉంటే దొంగ మహా అయితే ఆ 4,000 తీస్తాడు. 50,000 ఓడీ తగిలించి ఉంటే అది కూడా తీస్తాడు, మీరు ఎన్నడూ చూడని డబ్బుకి వడ్డీ మీరు కట్టాలి. బ్యాంకు తప్పూ మీ తప్పూ లేకుండా ఇంకెక్కడో లోపం వల్ల డబ్బు పోతే, ఆ లావాదేవీ గురించి బ్యాంకు నుంచి మీకు సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు బ్యాంకుకి చెబితే మీ బాధ్యత సున్నా అని ఆర్‌బీఐ 2017లో చెప్పింది. ఓటీపీ మీరే చెప్పేసి ఉంటే మాత్రం, మీరు బ్యాంకుకి చెప్పేదాకా జరిగిన నష్టం మీదే. అందుకని ఓడీ తీసుకున్న రోజే యాప్‌లో కార్డు లిమిట్లు తగ్గించండి, విదేశీ లావాదేవీలు ఆఫ్ చేయండి. ఏదైనా తేడా కనపడితే బ్యాంకుకి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయండి.

ఇన్ని తలనొప్పులు వద్దనుకుంటే వేరే దారులున్నాయి. అన్నిటికన్నా ముందు ఈఎమ్ఐ తేదీ మార్చమని అడగండి, కొన్ని సంస్థలు ఒక దరఖాస్తుతో మారుస్తాయి, తేదీల గొడవ అక్కడితో పోతుంది. ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంటే దాని మీద ఓడీ తీసుకోండి, సాధారణంగా డిపాజిట్‌లో 90 శాతం దాకా ఇస్తారు, వడ్డీ డిపాజిట్ రేటు కన్నా ఒకటి రెండు శాతమే ఎక్కువ. లక్ష రూపాయల డిపాజిట్ 7 శాతానికి ఉంటే అది అలాగే వడ్డీ సంపాదిస్తుంటుంది, మీరు వాడుకున్న దానికి 8 లేదా 9 శాతం కడతారు. నా మటుకు నేను, డిపాజిట్ ఉన్నవాళ్లెవరూ జీతం మీద ఓడీ వైపు చూడనే అక్కర్లేదంటాను. స్వీప్ ఇన్ అయితే ఇంకా తేలిక, ఖాతాలో తగ్గినంత డబ్బు డిపాజిట్‌లోంచి దానంతటదే వస్తుంది, అప్పన్న మాటే లేదు.

మీ ఇంట్లో పనిచేసే అక్కకో అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కో జన్‌ధన్ ఖాతా ఉంటే వాళ్లకీ ఓడీ సౌకర్యం ఉందని చెప్పండి. 2018 నుంచి దాని పరిమితి 10,000 రూపాయలు, అందులో 2,000 దాకా పెద్దగా షరతులు లేవు. ఆరు నెలలు ఖాతా సరిగ్గా నడిపి ఉండాలి, ఇంటికి ఒకరికే ఇస్తారు. నెలకు నూటికి పది రూపాయల వడ్డీకి తెచ్చుకోవడంతో పోలిస్తే ఎంతో నయం.

పిల్లలు ఎమ్మెస్‌కి అమెరికా వెళ్లిన ఇళ్లవాళ్లకు ఒక మాట. అక్కడ ఖాతా తెరిచేటప్పుడు డెబిట్ కార్డుకి ఓవర్‌డ్రాఫ్ట్ కవరేజీ కావాలా అని అడుగుతారు, అది మన ఓడీ లాంటిది కాదు. అక్కడ పడేది రోజుల లెక్కన వడ్డీ కాదు, ఒక్కో లావాదేవీకి ఇంత అని ఫీజు, చాలా బ్యాంకుల్లో ఎన్నో ఏళ్లు అది 35 డాలర్ల చుట్టూ ఉండేది. ఆరు డాలర్ల కాఫీ 41 డాలర్లు అవుతుంది, అదే రోజు ఇంకో రెండు సార్లు గీకితే ఇంకో రెండు ఫీజులు పడొచ్చు. 2010 నుంచి ఏటీఎమ్‌కి, షాపులో ఒక్కసారి గీకే డెబిట్ లావాదేవీలకి ఖాతాదారు ముందుగా ఒప్పుకుంటేనే ఈ ఫీజు వేయాలన్న నియమం ఉంది, ఒప్పుకోకపోతే కార్డు ఊరికే డిక్లైన్ అవుతుంది, ఫీజు ఉండదు. పెద్ద బ్యాంకుల ఫీజుని 5 డాలర్లకు తగ్గించాలని 2024 డిసెంబరులో ఒక నియమం తెచ్చారు కానీ అమలులోకి రాకముందే 2025లో అక్కడి కాంగ్రెస్ దాన్ని రద్దు చేసింది. సిటీ, క్యాపిటల్ వన్ లాంటి కొన్ని బ్యాంకులు 2022లో తమంతట తామే ఫీజు ఎత్తేశాయి. పిల్లలకు చెప్పాల్సింది ఇంతే: వద్దు అని టిక్ పెట్టమనండి, ఇప్పటికే సరే అని ఉంటే ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. చెక్కులకి, నెలనెలా కట్ అయ్యే వాటికి మాత్రం ఈ రక్షణ వర్తించదు, కాబట్టి అద్దె పోయే రోజున ఖాతాలో డబ్బు ఉందో లేదో చూసుకోవాల్సిందే.

మళ్లీ బెంగళూరుకి వద్దాం. ఇక్కడ మనవాళ్లు కంపెనీలు మారుతూనే ఉంటారు, కొత్త కంపెనీ తరచూ కొత్త బ్యాంకులో ఖాతా తెరిపిస్తుంది. జీతం పడటం ఆగితే పాత బ్యాంకు ఓడీని వెనక్కి అడగొచ్చు, అదే బ్యాంకులో మీకు డిపాజిట్ ఉంటే అందులోంచి సర్దుకోవచ్చు కూడా. కాబట్టి రాజీనామా పెట్టిన నెలలోనే ఓడీ బాకీ తీర్చే పని మొదలుపెట్టండి, ఫైనల్ సెటిల్‌మెంట్ వస్తుంది కదా అని ఆగొద్దు, అది ఎప్పుడొస్తుందో ఎవరి చేతిలోనూ ఉండదు. బాకీ సున్నా అయితే ఓడీ మూసినట్టు కాదు, లిమిట్ రద్దు చేయమని విడిగా రాసి, మూసేశామన్న లెటర్ తీసుకోండి. నెలా రెండు నెలల తర్వాత సిబిల్ రిపోర్ట్ తీసి ఆ ఖాతా క్లోజ్డ్ అని ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ లెటర్ జతచేసి బ్యాంకుకి ఫిర్యాదు పెట్టండి, 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు, వివరాలకు ఫోన్ నంబర్ 14448.