కూలి రేటుకీ గొడవకీ లంకె వెతకాలంటే

విశాఖలో ఎం.ఏ. ఎకనామిక్స్ పిల్లల ప్రాజెక్టులు చూస్తుంటాను. "పనుల్లేకపోతే కుర్రాళ్లు గొడవల్లోకి దిగుతారు, దాని మీద చేస్తానండి" అని ఏటా ఎవరో ఒకరు వస్తారు. టీకొట్టు దగ్గర చెల్లే మాటే. ప్రాజెక్టుగా మారాలంటే మాత్రం కాగితం మీద ముందు మూడు ప్రశ్నలు రాసుకోండి: ఎవరి ఆదాయం? పెరిగిందా, తగ్గిందా? ఎప్పుడు?

ఆ "ఎప్పుడు" దగ్గరే చాలామంది జారిపోతారు. మన మన్యాన్నే తీసుకోండి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకెళ్లింది. కారణం రాయమంటే అటవీ చట్టాలు, పోడు మీద ఆంక్షలు అని రాసేస్తారు. తప్పని అనను. కానీ మద్రాసు అటవీ చట్టం 1882 నాటిది. 40 ఏళ్లుగా ఉన్న కారణం ఆ ఏడాదే ఎందుకు పేలిందో దానితో తేలదు. కొత్తగా ఏం మారిందో వెతకాలి. గూడెం డిప్యూటీ తహసీల్దార్ బాస్టియన్ కొండల్లోకి రోడ్డు వేయించడానికి గిరిజనులతో చాలీచాలని కూలికి బలవంతంగా పని చేయించాడు. కథలోకి కూలి అక్కడ వచ్చింది. మరి సీతారామరాజు సన్యాసి జీవితం, తాగుడు మానమని బోధ, కోర్టులకెక్కకుండా పంచాయతీల్లో తేల్చుకోమనడం? జనం ఆయన చుట్టూ చేరిన దారి అది. కోపం దేనికొచ్చింది, ఆ కోపం ఎలా గుంపు కట్టింది అన్న రెండింటికీ నోట్సులో వేరువేరు పేజీలు పెట్టుకోండి. కలిపేస్తే మతమే కారణమని తేల్చేస్తారు.

తర్వాత చూడాల్సింది పెరిగిన లేదా తగ్గిన ఆ ఆదాయం ఎవరి చేతికి చేరేదని. దీనికి నేను చదివించే పేపరు ఒయింద్రిలా దూబే, హువాన్ వర్గాస్‌లది. కొలంబియా అంతర్యుద్ధం మీద రాశారు, 2013లో అచ్చయింది. 1990ల చివర్లో కాఫీ ధర పడిపోతే కాఫీ పండే మునిసిపాలిటీల్లో హింస పెరిగింది. చమురు ధర పెరిగినప్పుడు చమురు దొరికే మునిసిపాలిటీల్లో కూడా పెరిగింది! కాఫీకి చేతులు ఎక్కువ కావాలి, ధర పడితే కూలి పడుతుంది, తుపాకీ పట్టడం వల్ల పోయే రాబడి తక్కువవుతుంది. చమురుకి కూలీలతో పెద్ద పని లేదు. డబ్బు మునిసిపాలిటీ ఖజానాకి చేరుతుంది, దాని మీద సాయుధ ముఠాల కన్ను పడుతుంది. ఇంకో పెద్ద చిక్కుంది. కొలంబియాలో గొడవల వల్లే కాఫీ ధర మారొచ్చు కదా? అందుకని బ్రెజిల్, వియత్నాం, ఇండోనేషియాల ఎగుమతులను ఆధారంగా తీసుకుని ధరలో బయటి నుంచి వచ్చిన మార్పునే విడదీశారు. ఆ భాగం రెండుసార్లు చదవండి, మిగతాది ఒక్కసారి చాలు.

దీన్ని అరకు, పాడేరు కాఫీకి అలాగే అతికిస్తానంటే నేను సంతకం పెట్టను. ఇక్కడ తోట చాలావరకు గిరిజన కుటుంబానిదే, అదీ చిన్న ముక్క. ధర పడితే కూలి కంటే ముందు సొంత రాబడి పోతుంది. సిల్వర్ ఓక్ చెట్లకి పాకిన మిరియాలు కొంత ఆదుకుంటాయి. గిరిజన సహకార సంస్థ ఆ సీజన్‌లో ఏ ధరకి కొన్నదో కూడా చూడాలి.

మత ఘర్షణల మీద చేసేవాళ్లు అనిర్బాన్ మిత్ర, దేబ్‌రాజ్ రే 2014 పేపరు పక్కన పెట్టుకోండి. మన దేశంలో ముస్లింల తలసరి ఖర్చు పెరిగాక హిందూ ముస్లిం ఘర్షణలు పెరిగాయని, హిందువుల ఖర్చు పెరిగినప్పుడు అలా జరగలేదని చూపించారు. అంటే "పేదరికం వల్లే" అని ముందే రాసుకున్న ముగింపు ఇక్కడ నిలబడదు. పెరిగిందా, తగ్గిందా అని మొదట్లోనే రాసుకోమన్నది ఇందుకే.

ఇక రోజుకూలీలు పని కోసం నిలబడే అడ్డాకి వెళ్లడం. గాజువాకో, కంచరపాలెమో, మీ ఇష్టం. మేస్త్రీలు వచ్చే వేళ ఎవరినీ కదపకండి, వాళ్ల పని పోతుంది. అలాగని తొమ్మిది దాటాక మాత్రమే వెళ్తే ఆ రోజు పని దొరకనివాళ్లే మిగులుతారు. మీ లెక్కంతా వాళ్లదే అవుతుంది. అందుకని పని ముగించుకుని సాయంత్రం బస్సు దిగేవాళ్లను కూడా కలవండి.

గుంపులో నిలబెట్టి "ఎంతకొస్తావు?" అని అడగొద్దు. ఎమిలీ బ్రెజా, సుప్రీత్ కౌర్, నందిత కృష్ణస్వామి ఒడిశా పల్లెల్లో చూసింది ఇదే: ఊళ్లో నడిచే రేటు కంటే తక్కువకి చాటుగా ఒప్పుకునేవాళ్లు, తోటి కూలీలకి తెలిసేలా అడిగితే ఒప్పుకోరు. ఒక్కొక్కరినీ పక్కకి పిలిచి "నిన్న ఎంత ముట్టింది?" అనండి. గత ఏడు రోజులూ విడివిడిగా అడగండి. మేస్త్రీ పట్టుకున్నది, బస్సు ఛార్జీ వేరే గడిలో రాయండి.

మతం, కులం ప్రశ్నలు చిట్టచివర్న పెట్టండి. ముందే అడిగితే ఏదో పథకం కోసమనుకుని ఆధార్ కార్డు తీసి చేతిలో పెడతారు. ఆ తర్వాత చెప్పే కూలి తక్కువే ఉంటుంది.