కడప ఎండల్లో ఫిల్లింగ్ చాక్లెట్ తినే పద్ధతి
మా కడపలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. చాక్లెట్‌లో ఉండే కొవ్వు, అంటే కోకో బటర్, 34 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. అందుకే లోపల తిరమిసు (కాఫీ రుచి ఉండే ఇటలీ మిఠాయి), చీజ్‌కేక్ రుచుల ఫిల్లింగ్ ఉన్న మిల్క్ చాక్లెట్‌ను ఫ్రిజ్‌లో పెట్టక తప్పదు. కానీ గాలి చొరని డబ్బాలో పెట్టండి, లేకపోతే ఉల్లిపాయ వాసన పట్టేస్తుంది. తినడానికి పది నిమిషాల ముందు డబ్బాను బయటికి తీసి నీడన ఉంచండి. ఆ పది నిమిషాలూ మూత తెరవొద్దు, చెమ్మ పడుతుంది. బాగా చల్లగా ఉంటే వాసన, తీపి రెండూ అణిగిపోతాయి.

ముక్కను నమలకుండా నాలుక మీద కరగనివ్వండి. తిరమిసు అయితే ముందు పాల రుచి, ఆ వెనకే లోపలి కాఫీ చేదు విడివిడిగా తెలుస్తాయి. ఎంత బాగుంటుందో! కారం దోశ తిన్న వెంటనే మాత్రం వద్దు, మండే నోటికి ఇవేవీ అందవు.