గుర్రం లేకపోయినా వెస్టర్న్ రైడింగ్ క్లబ్‌లో చేరొచ్చు

టెక్సస్ లాంటి చోట ఉంటున్నారా? ఊరి చివర ఎరీనాలో వీకెండ్ గుర్రాలు కనిపిస్తే కంచె బయటి నుంచే చూసి వెళ్లిపోకండి. సొంత గుర్రం ఉండాలేమో అని చాలామంది ఆగిపోతారు, కానీ ఇలాంటి వెస్టర్న్ రైడింగ్ (కౌబాయ్ తరహా గుర్రపు స్వారీ) క్లబ్బుల్లో ఎప్పుడూ తక్కువపడేది పనిచేసే చేతులే.

ముందు ఒక ప్లేడేకి వెళ్లండి. బ్యారెల్ రేసింగ్ (పీపాల చుట్టూ గుర్రాన్ని తిప్పుతూ పరుగు), పోల్ బెండింగ్ (వరసగా నిలబెట్టిన కర్రల మధ్య మెలికలు తిరుగుతూ పరుగు) లాంటి వాటిలో పిల్లలూ పెద్దలూ దిగే చిన్న పోటీ అది. "ఏమైనా సాయం చేయనా" అని అడిగితే చాలు, గేటు తీయడమో, టైమ్ రాసుకోవడమో, పడిన కర్ర నిలబెట్టడమో అప్పజెప్తారు. పోల్ బెండింగ్‌లో 6 కర్రలు 21 అడుగుల దూరంలో వరసగా ఉంటాయి, ఒకటి పడితే పరుగెత్తుకెళ్లి సరిగ్గా అదే గుర్తు మీద పెట్టాలి, లేకపోతే తర్వాత వచ్చే పిల్లకి మలుపు తప్పుతుంది. నాకైతే ఈ పనంటే ప్రాణం, ఎందుకంటే గుర్రం ఎలా ఒంగి తిరుగుతుందో ఇంత దగ్గరగా ఇంకెక్కడా చూడలేం.

గుర్రానికి వెనకనుంచి మాత్రం వెళ్లొద్దు. భుజం వైపు నుంచి, మాట్లాడుతూ వెళ్లి మెడ మీద చెయ్యి వేయండి. ఎక్కే రోజు మడమ ఉన్న బూట్లు వేసుకోండి, కాలు రికాబులోంచి అవతలికి జారదు. హెల్మెట్ తప్పనిసరి, కౌబాయ్ టోపీ ఫొటోలకి దాచుకోండి.

పిల్లలుంటే మీ కౌంటీ ఫోర్-హెచ్ (పిల్లలకి, యువతకి క్లబ్బులు నడిపే సంస్థ) ఆఫీసులో అడగండి, కొన్నిచోట్ల సొంత గుర్రం లేని పిల్లల్నీ చేర్చుకుంటారు.